లావెండర్ రాసుకున్న శివసత్తి

“ఆ ఊదారంగు సీస ఇటు తియ్యి,” అంది గుర్వమ్మ, బ్యూటీ పార్లర్ కుర్చీలో కూలబడుతూ.

ఉమారాణి చేతిలో దువ్వెన ఆగిపోయింది. దేవరకొండ రోడ్డు మీద, ఇంటి ముందరి గదిలోనే ఆమె పార్లర్ పెట్టి ఏడాది కావస్తోంది. అత్తగారు ఆ కుర్చీలో కూర్చోవడం ఇదే మొదలు. లావెండర్ నూనె గురించి కోడలు చెప్పని రోజు లేదు. కణతలకు రాస్తే తలనొప్పి పోతుందనీ, దిండు మీద చల్లితే నిద్ర పడుతుందనీ, మొటిమలు తగ్గుతాయనీ, చుండ్రు వదులుతుందనీ ఊదరగొట్టేది. “దయ్యాలు గిట్ల వదుల్తయా?” అని అడిగి గుర్వమ్మ ఆమె నోరు మూయించేది.

“ఇయ్యాల్నా అత్తమ్మా? పొద్దుగూకితే బోనాలు గద!”

“అందుకే. పానం దడదడ అంటాంది. మనసు నిమ్మళమైతదంటివి గద?”

“అయితది.”

“మరింకేంది? మంచిగ రాయి.”

దడ ఉండదా మరి! గుర్వమ్మ ఆ ఊరి శివసత్తి. బోనాలనాడు డప్పు మోగితే ముత్యాలమ్మ ఆమె ఒంటి మీదికి వస్తుందని, శిగమూగుతూ ఆమె పలికేది అమ్మవారి మాటేనని ఊరి లెక్క. ఆ మాటకు అప్పీలు లేదు. ఈసారి దాని మీద ఒక బోరు ఆధారపడి ఉంది. గట్టు మీది బోరు నాదంటే నాదని అన్నదమ్ములు ఎల్లస్వామి, జంగయ్య తలలు పగలగొట్టుకున్నారు. పంచాయితీ చేసి చేసి విసిగిపోయిన పెద్దమనిషి దుర్గయ్య, “అమ్మ ఎవలిదంటే వాళ్లదే” అని చేతులు దులుపుకున్నాడు. ఇద్దరూ ఒప్పుకున్నారు. ఓడినవాడు పెళ్లాంపిల్లలతో పట్నం పోయి కూలి చేసుకోవాల్సిందే. ఆ మెట్ట చెలకల్లో బోరు నీళ్లు లేకపోతే కంది కూడా ఎండిపోతుంది.

ఉమారాణి కొబ్బరినూనెలో లావెండర్ కలిపి అత్తగారి కణతలకు, మెడకు, అరికాళ్లకు పట్టించింది. ముఖానికి లావెండర్ పూత కూడా వేసింది. కాసేపట్లో గుర్వమ్మ గురక పెట్టింది. తన బ్యూటీషియన్ చదువుకు ఇన్నాళ్లకు ఇంట్లో గౌరవం దక్కిందని కోడలు మురిసిపోయింది.

సాయంత్రం గుడి ముందు బోనాలు దిగాయి. గుర్వమ్మ జుట్టు విరబోసుకుని, వేపమండలు పట్టుకుని నిలబడింది. డప్పులు మోగాయి. ఎల్లస్వామి ఒకవైపు, జంగయ్య ఒకవైపు చేతులు జోడించి నిలబడ్డారు. ఇద్దరి ముఖాల్లోనూ నెత్తుటి చుక్క లేదు.

గుర్వమ్మ ఆవలించింది.

“గుర్వమ్మక్కా, అమ్మ వస్తాందా?” అన్నాడు దుర్గయ్య.

“ఏమో తమ్మీ. పానమంత సల్లగున్నది.”

డప్పులు మంట దగ్గర కాచుకొచ్చి మళ్లీ వాయించారు. వాయించేవాళ్లకు పూనకం వచ్చేటట్టుంది గానీ, గుర్వమ్మ కాలు కూడా కదపలేదు.

“గీ వాసనేంది? ఒంటికి ఏం రాసుకున్నవక్కా?” అన్నాడు దుర్గయ్య, ముక్కు ఎగబీలుస్తూ.

“మా కోడలు ఏదో నూనె రాసింది. మనసు సల్లబడ్తదట.”

ఊరంతా ఉమారాణి వైపు తిరిగింది. భూమి నోరు తెరిస్తే అందులోకి దూరిపోదామనిపించింది ఆమెకు.

దుర్గయ్య తల గోక్కున్నాడు. “అమ్మ పలుకలేదు. మల్ల బోనాలదాక వంతులేసుకోండ్రి. దినం ఇడిచి దినం ఒక్కొక్కలు పారిచ్చుకోండ్రి.” అన్నదమ్ములు గొణిగారు గానీ, అమ్మ పలకనప్పుడు అలగడం ఎవరి మీద? ఒప్పుకున్నారు.

ఇక పార్లర్‌కు తాళమేనని ఉమారాణి అనుకుంది. మర్నాడు తలుపు తీసేసరికి గడప ముందు ఆడవాళ్లు బారులు తీరి ఉన్నారు.

“అమ్మవారినే ఆపిన నూనెనట గద! మా అత్తకు రాస్తే నోరాగుతదా?”

“మా ఆయనకు రాస్తే?”

మధ్యాహ్నానికి సీసాలన్నీ ఖాళీ అయ్యాయి. ఆఖరిది దుర్గయ్య తీసుకున్నాడు. ఎవరికని అడిగితే, ఇంట్లోకని మాత్రం చెప్పి లుంగీలో దాచుకుని వెళ్లాడు.

ఇంత బేరం జరిగినా ఉమారాణికి ముద్ద దిగలేదు. గుర్వమ్మ ఎదురొస్తే చెప్పులు విడిచి దండం పెట్టే ఊరు అది. మొగుడు పోయాక ఆ ముసలావిడకు మిగిలిన గౌరవం అదొక్కటే. దాన్ని తన చేతులతో తానే తుడిచేసింది. అత్తగారి కాళ్ల దగ్గర కూర్చుని బోరున ఏడ్చింది.

“నా మూలంగ అమ్మ నిన్ను ఇడిచిపోయింది అత్తమ్మా. ఊర్లె నీ ఇజ్జత్ నేనే తీసిన. ఇగ ఆ సీస ముట్ట. మల్ల బోనాలకు అమ్మ నీ మీదికి వస్తది గదా?”

గుర్వమ్మ లేచి వెళ్లి వీధి తలుపు దగ్గరగా వేసింది. తిరిగొచ్చి, కొంగుతో కోడలి కళ్లు తుడిచింది.

“నా మీదికి అమ్మ ఎన్నడొచ్చిందే, పిచ్చిపిల్లా?”