వియ్యపురాలి కూర

“అక్కా, నా డబ్బల మీల్ మేకర్ ఉన్నదేందే?”

ఫోన్‌లో తమ్ముడు మహేందర్ మాట విని భవాని నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

“ఏ డబ్బల?”

“గదే, అమ్మ పొద్దున కట్టిచ్చిన స్టీలు డబ్బల. నాకు యాట కూర పెట్టిన అన్నది. తెరిస్తే గీ మీల్ మేకర్. ఉల్లిగడ్డ గూడ లేదు, సప్పగ ఉన్నది.”

భవానికి విషయం అర్థమైంది. మహేందర్ దగ్గర మీల్ మేకర్ ఉందంటే, పొద్దున అతను బండి మీద తెచ్చి తన చేతికిచ్చిన డబ్బాలో ఉన్నది మాంసం.

ఆ డబ్బా ఇప్పుడు మామగారి విస్తరి పక్కన ఉంది.

శామీర్‌పేట దగ్గర తోటలో కాలనీ వాళ్ళ కార్తీక వనభోజనాలు. ఉసిరి చెట్టు కింద వరసగా విస్తళ్ళు. భవాని భర్త నాగసాయి దూరంగా ఇంకో వరసకి పులిహోర వడ్డిస్తున్నాడు. ఈ వరసకి మొదట్లో మామగారు జానకిరామయ్య, పక్కనే అత్తగారు లలితకుమారి.

తెనాలి నుంచి వచ్చి పదేళ్ళయినా కార్తీకంలో ఆయన గడప దాటి ఉల్లిపాయ లోపలికి రాలేదు. ఇక నీచు సంగతి చెప్పేదేముంది? ఒకసారి బస్సులో పక్కవాడు ఉడికిన గుడ్డు వొలిచాడని అల్వాల్‌లోనే దిగిపోయి, ఇంకో బస్సు కోసం రెండు గంటలు ఎండలో నిలబడ్డ మనిషి.

అలాంటి ఇంటికి లాల్‌గడి మలక్‌పేట్‌లో చేపలు పట్టి బతికే వాళ్ళ పిల్ల కోడలైంది. ప్రేమపెళ్ళి. ఏడాదిగా ఆమె పుట్టింట్లో వీళ్ళు మంచినీళ్ళయినా ముట్టలేదు. మొన్న లలితకుమారి మనసు కాస్త మెత్తబడింది.

“మీ అమ్మని ఒక్క కూర పంపమను. తలస్నానం చేసి, కొత్త గిన్నెలో వండాలి. మామయ్యగారు తింటే ఇక రాకపోకలు మొదలెడదాం. తేడా వచ్చిందో, మీ దారి మీదే” అంది.

భవాని తల్లి ఐలమ్మ అన్నీ చెప్పినట్టే చేసింది. ఆదివారం ముక్క లేనిదే కొడుక్కి ముద్ద దిగదని, ఆ తర్వాత యాట కూరా వండింది. ఒకటి కొంటే ఒకటి ఉచితమన్నారని రెండు డబ్బాలూ ఒక్కలాంటివే తెచ్చింది. కొంప మునగడానికి అంతకంటే ఏం కావాలి!

భవాని ఫోన్ పెట్టేసి తల తిప్పి చూసేసరికి మామగారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

నమలడం ఆపాడు. కళ్ళు మూసుకున్నాడు. ఆయన మళ్ళీ నమిలాడు. మింగాడు.

పుట్టి బుద్ధెరిగి ఆ రుచి ఎరగని మనిషి కదా, తెలియలేదేమో. ఆమెకి మిగిలిన ఆశ అదొక్కటే.

“ఎలా ఉందండీ?” అంది లలితకుమారి. పదిహేను రోజులుగా తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానాలతో ఆమె ముక్కు దిబ్బడేసింది. లేకపోతే డబ్బా మూత తీసినప్పుడే అంతా అయిపోయేది.

“బానే ఉంది.”

“ఏదీ, ఇలా ఇవ్వండి. నేనూ రుచి చూస్తాను. వియ్యపురాలికి చెప్పాలి కదా.”

“నీకొద్దు. కారం మండిపోతోంది. అసలే దగ్గు నీకు.”

“ఒక్క ముక్కేనండీ.”

“వద్దన్నానా!” అని కసిరి, డబ్బా తన వైపు లాక్కుని, ఉన్నదంతా విస్తట్లో ఒంపుకున్నాడు.

అటూ ఇటూ కూర్చున్నవాళ్ళు తిరిగి చూశారు. లలితకుమారి మూతి ముడుచుకుంది.

“కట్టుకున్న దానికి ముక్క పెట్టని తిండిపోతుని ఇవాళే చూస్తున్నానమ్మా!”

భవాని మజ్జిగ గిన్నె పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. చెప్పేద్దామా? చెబితే ఇంతమందిలో వాంతి చేసుకుంటాడు. పైగా బీపీ మనిషి, ఏమైనా అయితే? చెప్పకపోతే ఆ పాపం జన్మంతా తన నెత్తిన ఉంటుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆయన నుదుటి మీద చెమట పట్టింది. రెండు మూడుసార్లు ఉత్తరీయంతో మూతి తుడుచుకున్నాడు. కానీ ఆపలేదు. చివరి ముక్క దాకా తిన్నాడు.

తిని లేచాడు.

“భవానీ, చెంబుతో నీళ్ళు పట్టుకురా.”

ఈ ఏడాదిలో ఆయన ఆమెని పేరు పెట్టి పిలవడం ఇదే మొదలు. తెలిసిపోయింది. ఇంట్లోంచి పొమ్మని నలుగురిలో అనలేక పక్కకి పిలుస్తున్నాడు.

జానకిరామయ్య చెట్లు దాటి, తోట కంచె దాకా నడిచాడు. భవాని వెనకే వెళ్ళింది. చెంబులో నీళ్ళు తొణికి చీర తడిసినా ఆమెకి తెలియలేదు. తప్పయిపోయిందని కాళ్ళ మీద పడాలనుకుంది.

ఆయన వెనక్కి తిరిగి, భార్య ఇటు చూడటం లేదని నిర్ధారించుకుని, ఉత్తరీయం కొసన వేసిన ముడి విప్పి, “మీ అత్తయ్య కంట పడకముందే వీటిని పాతిపెట్టెయ్యమ్మా” అంటూ నాలుగు ఎముకలు ఆమె అరచేతిలో పోశాడు.