ఎర్ర గమ్ము

"ఇంకా ఊడలేదా?" అంది భార్య.

"ఊడితే చూస్తూ ఊరుకుంటానా!" అన్నాడు దర్జీ. స్క్రూ తలలో అలెన్ కీ పెట్టి పెద్దగా మూలిగాడు. మూలుగులో ఉన్న బలం చేతిలో లేదు.

మోటారుసైకిలు వరండాలో ఉంది. సైలెన్సర్‌ని పట్టుకున్నవి మూడే స్క్రూలు. నిన్న మధ్యాహ్నం భార్య ఫోనులో "పాత సైలెన్సర్ వేయించేస్తాను, పొద్దున్నే వచ్చి తీసుకెళ్లు తమ్ముడూ, నాకు పీడ వదులుతుంది" అనడం దర్జీ చెవిన పడింది. ఈ సైలెన్సర్ మోత అంటే ఆమెకు ఒళ్లు మంట. దర్జీకి అదే ప్రాణం. వీధి మలుపు తిరగక ముందే కిటికీలు గడగడలాడాలి.

ఆమెను ఒక్క మాట అడగలేదు. అడిగితే లోకువ. రాత్రికి రాత్రే మూడు స్క్రూలూ విప్పి, మరలకు, స్క్రూలు వదులవకుండా మెకానిక్కులు పూసే ఎర్ర గమ్ము దట్టంగా పట్టించి, మళ్లీ బిగించాడు. అది ఆరిందంటే ఉడుంపట్టే. ఈ గొట్టం ఊడదు, ఊడకపోతే బండి బేరం సాగదు. మొండివాడు రాజు కంటే బలవంతుడని ఊరికే అన్నారా!

గేటు దగ్గర కొనడానికొచ్చిన మనిషి హెల్మెట్ చంకలో పెట్టుకుని నిలబడ్డాడు.

"బావగారికి చెమటలు పడుతున్నాయక్కా, నేనో చెయ్యి వెయ్యనా?"

"మీవల్ల కాదు," అన్నాడు దర్జీ హుషారుగా. "దేవుడు దిగొచ్చినా కాదు. స్క్రూ తల అరిగిపోతోంది చూడండి. ఇంకో బండి చూసుకోండి."

"ఇంకో బండా?" అన్నాడా మనిషి వింతగా.

"లేవండి," అంది భార్య.

లోపల్నుంచి గ్యాస్ టార్చి తెచ్చింది. ఆమె పని ఫ్రిజ్‌లు బాగుచేయడం. రాగి గొట్టాలు అతికే నీలి మంటను సన్నగా చేసి, స్క్రూ తల మీద నిలిపింది.

"బలంతో పనేముందండీ? ఎంత మొండి గమ్మయినా వేడి తగిలితే మెత్తబడాల్సిందే."

స్క్రూ చుట్టూ సన్నగా పొగ లేచింది. ముక్కు మండే వాసన. ఆమె మంట తీసి, వేడి మీదే అలెన్ కీ తిప్పింది. టక్కుమంది. వెన్నలో తిరిగినట్టు తిరిగింది.

"నిన్న లేని గమ్ము ఇవాళ ఎక్కడిదో!" అంది, అతని వంక చూడకుండా.

దర్జీ గోడకేసి చూశాడు. రెండోది ఊడింది. మూడోదీ ఊడింది. సైలెన్సర్ చల్లారేలోగా ఆమె అటక మీది పాతది దించి బిగించేసింది. కిక్కు కొడితే బండి పిల్లిలా గురగురలాడింది.

ఇక చేసేదేముంది? దర్జీ సీటు ఒకసారి నిమిరి, బండి తాళం చేతిలో పట్టుకుని గేటు వైపు నడిచాడు.

"జాగ్రత్తగా చూసుకోండి," అన్నాడు.

"మీరేం దిగులు పడకండి బావగారూ, నా బండికి సరిగ్గా సరిపోతుంది," అని ఆ మనిషి మోత సైలెన్సర్‌ని గోనెసంచిలో చుట్టుకుని, భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

దర్జీ బండి తాళంతో అక్కడే నిలబడ్డాడు.

"అయితే... బండి అమ్మలేదా?"

"బండెందుకమ్ముతానండీ!" అంటూ భార్య వెనక సీటు ఎక్కి సర్దుకుని కూర్చుంది. "పెళ్లయిన దగ్గర్నుంచీ ఇక్కడ కూర్చుని నేనన్న మాట ఒక్కటీ మీకు వినపడలేదు. పదండి, మొదట్నుంచీ చెప్తాను."