కాగే ప్రాసెసరు

"వేడెక్కాలి," అంది ఆవిడ మళ్లీ.

కంప్యూటర్లు బిగించే బట్టతల ఆసామికి చిర్రెత్తింది. షాపు ముందు 'చల్లగా, చప్పుడు లేకుండా' అని బోర్డు రాయించుకుని బతుకుతున్నవాడు. కంపెనీలు మోడలు అంకె పెంచినప్పుడల్లా ధర పెంచి, నిన్న కొన్నదాన్ని ఇవాళ చెత్త చేసి జనాన్ని దోస్తున్నాయని కనపడ్డవాడితోనల్లా పోట్లాడే రకం. అవసరమైనదే కొనమంటాడు. కానీ ఇలాంటి అవసరం ఎప్పుడూ వినలేదు.

"అమ్మా, ఈ కొత్త ప్రాసెసరు రోజంతా నడిచినా మంచుగడ్డలా ఉంటుంది."

"అయితే నాకొద్దు బాబూ. పాతది బాగా కాగేది. అది కాలిపోయిన దగ్గర్నుంచీ మా పెద్దాయన తిండి ముట్టడం లేదు. ఇలాగే ఉంటే దక్కడన్నాడు డాక్టరు."

ఆసామి స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. "కంప్యూటరు కోసం తిండి మానేశారా? ఏం పని చేస్తారు దాని మీద?"

"పనా? టైపు కొట్టుకునేది నేను. ఆయన కునుకు తీస్తాడు."

ఆసామి మామగారూ అంతే. టీవీ ముందు గురక పెడతాడు, కట్టేస్తే లేచి తిడతాడు. ఇదీ ఆ బాపతేననుకున్నాడు.

"రంగు లైట్లు పెట్టనా?"

"వద్దు. అవి కనబడితే కుదురుగా ఉండడు."

"పైన జల్లెడలా చిల్లులున్న పెట్టె?"

"అసలే వద్దు. వెంట్రుకలు రాలి లోపల పడతాయి. పాతది అలాగే ఊపిరాడక చచ్చింది. పైన రేకు మూసి ఉండాలి. గట్టిగా ఉండాలి."

ఆసామి తన నున్నటి నెత్తి తడుముకున్నాడు. ఆ వయసులో రాలక ఏం చేస్తాయి?

చివరికి అటక మీంచి పాత తరం ప్రాసెసరు దించాడు. కరెంటు తాగి కుంపటిలా కాగుతుందని ఎవడూ కొనని సరుకు. గాలి వెనకనుంచి పోయేలా ఫ్యాను బిగించాడు. అయినా మనసు ఊరుకోలేదు. ఆ పెద్దాయన్ని చూడాల్సిందేనని పెట్టె తనే మోసుకెళ్లాడు.

ఇంట్లో అలికిడి లేదు. మంచం పక్కన ముట్టని పాలగిన్నె మీగడ కట్టింది. పెట్టె బల్ల మీద పెట్టి ఆన్ చేశాడు. కాసేపటికి పైరేకు వెచ్చబడింది.

"పెద్దాయన్ని పిలవండమ్మా, కుర్చీ వేస్తా."

"కుర్చీ ఎందుకు?" అంటూ ఆవిడ పాలగిన్నె చేతిలోకి తీసుకుంది. "మాట్లాడక పక్కకి జరుగు."

పెద్దాయన పెట్టె మీదికి గెంతి, తోక చుట్టుకు కూర్చుని, పాలు నాకాడు.