చీకట్లో చుట్టే ఫిల్ము

మావారికి పనిచేసే కెమెరా నచ్చదు. కలకత్తా రసెల్ స్ట్రీట్ వేలంలో తాతలనాటి పెట్టె కెమెరా కొన్నారు. అందులో ఇప్పటి ఫిల్ము రీలు పట్టదు. చీకట్లో కూర్చుని ఫిల్మును పాత రీలుకి చుట్టాలి, ఫోటోలు తీశాక మళ్ళీ కొత్త రీలుకి చుట్టి ల్యాబుకివ్వాలి. దీనికి ఇద్దరు కావాలి. ఆ రెండో మనిషిని నేను.

ఈసారి ఫిల్ములో మా అత్తగారున్నారు. ఫోటో అంటేనే ముఖం తిప్పుకునే మనిషి, పోయే ముందు నెలలో ఒక్కసారి కూర్చున్నారు. వెలుతురు తగిలితే ఆ ఫోటో పోతుంది. మళ్ళీ తీయడానికి ఆవిడ లేరు.

మా సాల్ట్ లేక్ ఫ్లాట్లో స్టోరు గదికి కిటికీ లేదు. తలుపు మూసి లైటు ఆర్పాం. ఆయన చుడుతుంటే నేను రెండో కొస బిగించి పట్టుకున్నాను. కాసేపటికి ఆయన్ని ఏడిపిద్దామని చప్పుడు కాకుండా వదిలేశాను.

"ఆఁ, బిగువు బాగుంది. అలాగే పట్టుకో," అన్నారు.

"నేను వదిలేసి చాలాసేపైందండీ."

"నీ వేషాలు నా దగ్గరా, కౌముదీ?"

నా రెండు అరచేతులూ ఆయన బుగ్గలకి ఆనించాను. ఆయన చుట్టడం ఆపేశారు. ఫిల్ముతో పాటే చుట్టుకునే వెనకవైపు కాగితం గరగర మాత్రం ఆగలేదు. తడిమి చూస్తే ఆయన చేతిలోని రీలు నెమ్మదిగా వెనక్కి తిరుగుతోంది.

"అత్తయ్య ఫోటో ఇదొక్కటేనండీ," అన్నాను, స్విచ్ మీద వేలు పెట్టి.

"కూర్చోనని అమ్మ చెబుతూనే ఉంది. బలవంతంగా కూర్చోబెట్టాను, తప్పు నాదే," అన్నారాయన. "లైటు వెయ్యి."