గుమ్మంలో చెప్పాల్సిన పేరు

చనిపోయిన కొడుకు తెల్లచొక్కాను ఒళ్ళో పరుచుకుని ఆరోయితా కత్తెర అందుకుంది.

"ఏమే, మతి గానీ పోయిందా?" పక్కింటి బిరితా ఆకులచాప అల్లుతున్నదల్లా ఆగిపోయింది. "అది అంతెరేయా ఆదివారం చొక్కా కాదూ?"

"అదే. జ్ఞానస్నానానికి బిడ్డకి అంగీ కుడుతున్నా."

"ఈ చొక్కాతోనా? ఆ బిడ్డకా?"

"ఆ బిడ్డకే."

బిరితా కళ్ళు తుడుచుకుంది. "నీ మనసు ఇంత మెత్తబడుతుందని అనుకోలేదే తల్లీ."

మెత్తబడిందనే ఊరంతా అనుకుంటోంది. అనుకోనీ. కత్తెర కరకరా కదిలింది.

అంతెరేయా ఆమెకు ఒక్కగానొక్క కొడుకు. మూడేళ్ళ కిందట చిన్ననాటి స్నేహితుడు తెబానో రమ్మంటే వాడి ఇంజను పడవలో పగడపు దిబ్బ దాటి చేపలవేటకు వెళ్ళాడు. నడి సముద్రంలో ఇంజను ఆగింది. అల పడవను బోర్లించి ముంచేసింది. పట్టుకుని తేలడానికి ఇద్దరికీ కలిపి ఒక్క ఖాళీ పెట్రోలు డబ్బా మిగిలింది. మర్నాడు సాయంత్రం తెబానో ఆ డబ్బాను కావలించుకుని ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. అంతెరేయా రాలేదు.

"వాడే చెయ్యి వదిలేశాడు," అన్నాడు తెబానో.

పోలీసులు ప్రమాదమని రాసుకున్నారు. ఊరు నమ్మింది. తల్లి నమ్మలేదు.

తెబానో క్షమాపణగా కొత్తచాప చుట్టి తెచ్చి ఆమె ఇంటి ముందు మోకరిల్లాడు. ఆమె వీపు తిప్పుకుని కూర్చుంది. చీకటిపడేదాకా ఉండి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మామూలు మనిషయ్యాడు. ఊరి సభాశాలలో పాటలు పాడాడు, పేకాడాడు, పగలబడి నవ్వాడు. ఆ నవ్వు వినిపించిన రోజు ఆరోయితాకు తిండి సయించేది కాదు.

కానీ ఒక సంగతి ఆమె కనిపెట్టింది. అంతెరేయా పేరు మళ్ళీ వాడి నోట రాలేదు. ఎవరైనా ఆ పేరు ఎత్తితే లేచి వెళ్ళిపోయేవాడు.

'పేరు మింగేసి బతుకుతున్నాడు. కక్కిస్తా,' అనుకుంది.

కోడలు మరేవా ఐదు నెలల పసివాణ్ణి తెచ్చి ఒళ్ళో పెట్టి, "జ్ఞానస్నానంలో వీణ్ణి ఎత్తుకునే జ్ఞానతల్లివి నువ్వే కావాలత్తా," అని అడిగినప్పుడు ఆరోయితా బిడ్డ ముఖంలోకి చూసింది. చివరికి ఒకే షరతు పెట్టింది.

"పేరు నేను పెడతా. ఎవరూ మారుమాట అనకూడదు."

మరేవా తల ఊపింది.

నాలుగు శనివారాలు గుడి ఉపదేశి ఇంట్లో జ్ఞానస్నానపు పాఠాలు జరిగాయి. ఆరోయితా ముందు కూర్చునేది. తెబానో టోపీ చేతిలో పట్టుకుని వెనక చూరు కింద కూర్చునేవాడు. వాళ్ళిద్దరూ ఒకే కప్పు కింద కూర్చోవడం చూసి దారినపోయేవాళ్ళు ఆగేవారు.

"వాణ్ణి ఎలా భరిస్తున్నావే?" అని బిరితా గుసగుసలాడింది.

"వాడు లేకపోతే ఈ జ్ఞానస్నానం జరగదు."

చివరి శనివారం ఉపదేశి చెప్పాడు. "రేపు గుడి గుమ్మంలో ఫాదర్ బిడ్డ పేరు అడుగుతారు. గొణగకూడదు. గుడి వెనక ఉన్నవాళ్ళకి కూడా వినపడాలి."

తెబానో గొంతు సవరించుకున్నాడు. "ఇంతకీ ఏం పేరమ్మా?"

"రేపు తెలుస్తుంది." ఇన్నాళ్ళకి ఆమె వాడితో పలికిన మొదటి మాట అది.

ఆదివారం పొద్దున్నే మరేవాతో కలిసి బిడ్డకు నీళ్ళు పోసింది. కొబ్బరినూనె రాసింది. పసివాడు ఆమె వేలు పట్టుకుని నవ్వాడు. బుగ్గన సొట్ట పడింది. ఆ సొట్ట ఎవరి పోలికో ఆమెకు తెలుసు. చటుక్కున ముఖం తిప్పుకుంది.

క్షణకాలం అంగీ పక్కన పెట్టింది. ఈ పసిగుడ్డుకేం తెలుసు, పాపం. వద్దనుకుంటే ఇప్పుడైనా ఆగిపోవచ్చు. పెట్రోలు డబ్బా గుర్తొచ్చింది. అంగీ తొడిగి, గుండీలు పెట్టి, కోడలికి మాత్రమే వినపడేలా పేరు చెప్పింది.

మరేవా ముఖం పాలిపోయింది. "అత్తా, ఇంకేదైనా పెట్టు. రోజూ ఆ పేరు పెట్టి పిలవాలిగా!"

"పిలవాలి. అన్నానికి పిలవాలి. నిద్ర లేపడానికి పిలవాలి. బడి నుంచి రాకపోతే వీధిలో నిలబడి కేకెయ్యాలి. అందుకే ఆ పేరు."

"పగ తీరదా నీకు?"

"మాటిచ్చావు నువ్వు."

గంట మోగింది. గుడి నిండిపోయింది. గుమ్మం దగ్గర బిడ్డను ఎత్తుకుని నిలబడ్డ ఆరోయితా, ఫాదర్ వచ్చేలోపు పక్కకు వంగి తెబానో చెవిలో ఒక్క మాట అంది.

తెబానో గోడకు చెయ్యి ఆనించాడు. పెదవులు తెల్లబడ్డాయి.

"అమ్మా, ఆ పేరొద్దు. నీ కాళ్ళు పట్టుకుంటా."

"కాళ్ళు నాకక్కర్లేదు. గట్టిగా చెప్పు. సముద్రానికి వినపడాలి."

"నా నోట రాదమ్మా..."

"ఇవాళ వస్తుంది. ఇంతమంది ముందు, దేవుడి గుమ్మంలో."

పాట ఆగింది. ఫాదర్ నవ్వుతూ వచ్చి పసివాడి తల నిమిరి, తెబానో వైపు తిరిగి, "చెప్పు నాయనా, నీ కొడుక్కి ఏం పేరు పెడుతున్నావు?" అని అడిగాడు.