సరస్సు మనిషి

"సెఫాకోర్!"

సంతలో వెనకనుంచి ఎవరో పిలిచారు. మగగొంతు.

ఆమె గిరుక్కున తిరిగింది.

ఎండుచేపల బల్ల పక్కన పొడుగాటి మనిషి ఒకడు నిలబడి ఉన్నాడు. ఆమె చూడగానే తల దించుకున్నాడు.

ఎవరో తెలియదు. అయినా ఆమె టమాటాల సంచి గుండెకి అదుముకుని వెనక్కి జరిగింది.

భయపడదూ మరి!

హొహొయె ఊళ్లో కుట్టుమిషను తొక్కుకుని బతికే పిల్ల. మూడు వారాల కిందట ఫోన్‌లో ఒక వీడియో పెట్టింది.

"కొనేముందు అడగండమ్మా, ఈ చేప ఎవరు పట్టారని. ఓల్టా సరస్సు మీద పడవల్లో అమ్ముడుపోయిన పిల్లలున్నారు. వల అడుగున దేనికైనా చిక్కుకుంటే వాళ్లనే నీళ్లలోకి దింపుతున్నారు. ఆ చేప మనకొద్దు."

పిల్లలు లేని పడవల నుంచి సరుకు తెచ్చే ఐదుగురి పేర్లు కూడా చెప్పింది. కొంటే వాళ్ల దగ్గరే కొనమంది.

వీడియో ఊరూరా తిరిగింది. సంతలో ఆడవాళ్లు నిజంగానే అడగడం మొదలుపెట్టారు.

"ఈ చేప ఎవరు పట్టారమ్మా?"

"నన్నడుగుతావేం? చేపనే అడుగు, చెబుతుంది!"

అలా విసుక్కున్నవాళ్ల గంపలు సాయంత్రానికి నిండుగానే మిగిలాయి. ఆ తర్వాతే సెఫాకోర్ ఫోన్‌కి బెదిరింపులు రావడం మొదలైంది.

'నీ మిషను ఎక్కడుందో తెలుసు. ఏ సందులోంచి ఇంటికెళతావో కూడా తెలుసు.'

ఆమె సంతలోంచి దుకాణానికి ఒక్క పరుగున వచ్చిపడింది.

"అక్పెనె అక్కా, ఎవడో నా వెనకే వచ్చాడు. అటు చూడకు."

దుకాణం యజమానురాలు అక్పెనె చూడనే చూసింది. రోడ్డవతల మొక్కజొన్న కెంకే ముద్దలు అమ్మే బండి దగ్గర నిలబడి ఉన్నాడు, ఏమీ కొనకుండా, ఏమీ తినకుండా.

"ఆ చేతులు చూశావుటే? అన్నీ తాడు కోసిన మచ్చలే. సరస్సు మనిషే."

"నన్నేం చేస్తాడక్కా?"

"ఏం చెయ్యడు. కత్తెర మాత్రం దగ్గర పెట్టుకో."

ఉన్న కాస్త ధైర్యమూ ఆ మాటతో పోయింది.

రెండో రోజు చర్చి గేటు దగ్గర కనిపించాడు. మూడో రోజు బస్సుల స్టాండులో. ఆమె నడిస్తే నడిచేవాడు, ఆగితే ఆగేవాడు. ఏదో అలికిడికి ఉలిక్కిపడి మిషను సూది వేలిలో దింపుకుంది.

నాలుగో రోజు మధ్యాహ్నం అక్పెనె దారపుండలు కొనడానికి వెళ్లింది.

గుమ్మంలో వెలుతురు తగ్గింది.

"అమ్మా, ఒక్క మాట..."

సెఫాకోర్ కేక పెట్టింది. తలుపు లాగి గడియ వేసి, దానికి వీపు ఆనించి నిలబడింది. చెక్క అవతల అతని ఊపిరి వినిపిస్తోంది.

"నేను..." అన్నాడు. ఆపై మాట రాలేదు.

కాసేపటికి చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్లిపోయిన చప్పుడు.

ఆమె కిటికీ సందులోంచి ఫోటో తీసింది. వెంటనే తన పేజీలో పెట్టింది: 'నాకేమైనా అయితే ఈ మనిషే కారణం.'

పావుగంటలో అది వేలమందికి పాకింది. కింద ఎవరో రాశారు: 'వీణ్ణి నేనెరుగుదును. పడవ ఓనరు. అమ్ముడుపోయిన పిల్లల్ని పెట్టుకున్నాడు.'



పొద్దుగూకే వేళకి స్టాండులో జనానికి దొరికాడు. ఆ వీడియో కూడా ఆమె ఫోన్‌కి వచ్చింది. పదిమంది చుట్టూ మూగి కొడుతున్నారు. అతను చెయ్యెత్తలేదు, తల మాత్రం కప్పుకున్నాడు. ఏదో చెబుతున్నాడు కానీ ఆ గోలలో వినపడలేదు.

"పీడ విరగడైంది. ఇక హాయిగా పడుకో," అంది అక్పెనె.

నిజంగానే పడుకుంది. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి.

పొద్దున్నే కానిస్టేబుల్ వచ్చాడు.

"ఒకసారి ఆసుపత్రికి రావాలమ్మా. నీ వెంట తిరిగింది అతనేనా అని చూసి చెప్పాలి."

"నేను రాలేను సార్. అతని ఎదుట పడాలంటే నాకు భయం."

"ఇంక భయం లేదులే. తెల్లవారుజామున పోయాడు."

సెఫాకోర్ చెప్పులేసుకుని కానిస్టేబుల్ వెంట నడిచింది.

ఆసుపత్రి వరండాలో బెంచీ మీద ముగ్గురు పిల్లలు కూర్చుని ఉన్నారు. ముగ్గురికీ కొత్త బట్టలు. అందులో పెద్దపిల్లకి పదేళ్లుంటాయి. సెఫాకోర్‌ని చూడగానే లేచి నిలబడింది.

"కుట్టుపని అక్కవి నువ్వేనా?"

"అవును. మీరు... అతని పిల్లలా?"

"కాదు. ఆయన పడవలో పనిచేసేవాళ్లం."

"తప్పించుకొచ్చారా?"

"లేదు. ఆయనే తీసుకొచ్చాడు. స్టాండు వెనక గదిలో ఉంచాడు. పోలీసుల దగ్గరికెళితే ముందు నన్ను లోపలేస్తారు, ఇక మిమ్మల్ని ఎవరు పట్టించుకుంటారు అనేవాడు."

సెఫాకోర్ ఆ పిల్ల ముందు కూర్చుంది.

"మరి నా వెనకెందుకు తిరిగాడు?"

"ఫోన్‌లో నీ మాటలు విన్న రోజే పడవ ఒడ్డుకి లాగేశాడక్కా, మా అమ్మలెక్కడున్నారో వెతికిపెట్టమని నిన్నడగడానికి రోజూ బయలుదేరేవాడు, నీ మొహం చూడగానే సిగ్గేసి నోరు పెగల్లేదని తిరిగొచ్చేవాడు."