పదకొండో ప్రశ్న

పదకొండో ప్రశ్న దగ్గర పెద్దక్క మళ్ళీ నోరు మూసుకుంది. పన్నెండు వారాలుగా ఇదే తంతు.

"మీ ఇంటాయన పేరేంది అవ్వా?" అని హేమలత రెండోసారి అడిగింది.

పెద్దక్క తల దించుకుని కొంగు ముందుకు లాక్కుంది. గడపలో గొంతుక్కూర్చున్న మొగుడు ఎర్రిస్వామి నవ్వాడు.

"యాడ చెప్తాదమ్మా? యాభై ఏండ్లలో ఒక్కసారి చెప్పిన పాపాన పోలేదు."

హేమలత కూడా నవ్వి ఒక మార్కు వేసేసింది. ఆ మార్కు కోసం ఆమె కొట్లాడింది మరి.

ముదిగుబ్బ పక్క పల్లె అది. ఎండ సంగతి చెప్పడం దండగ. హేమలత పొద్దున్నే అనంతపురంలో స్కూటీ ఎక్కితే నాలుగు పల్లెలు తిరిగి నడుం పడిపోయాక ఇల్లు చేరుతుంది. ఆమె ఉద్యోగానికి పేరు గొప్పది, పని మాత్రం ముసలివాళ్ళ ముందు కూర్చుని ప్రశ్నలు అడగడం. వయసు మీరినవాళ్ళకు మత్తిచ్చి ఆపరేషన్ చేస్తే కొందరికి మతి తప్పుతుంది. ఒంట్లో పుట్టిన వాపు మెదడు దాకా పాకుతుందేమోనని బెంగళూరు డాక్టర్ల అనుమానం. ఆ వాపుకు ముందే మందిస్తే మతి నిలుస్తుందా అని ఒక పరిశోధన పెట్టుకున్నారు. గొర్రెల దొడ్డిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్న పెద్దక్క అందులో చేరింది. ఆమెకు ఎక్కించింది మందో, వట్టి సెలైనో ఎవరికీ తెలీదు. తెలియకూడదు, అదే రూలు.

మొత్తం ఇరవై ప్రశ్నలు. చివరి వారం పదిహేను మార్కులు వస్తే మతి బాగున్నట్టు, ఫైలు మూసేస్తారు. ఒక్కటి తగ్గినా బెంగళూరు తీసుకుపోయి మెదడు డాక్టర్లకు చూపిస్తారు, వైద్యమంతా వాళ్ళే చేయిస్తారు. ఆ చివరి వారం ఇదే.

మొదట్లో ఈ పదకొండో ప్రశ్నకు సున్నా వెయ్యమన్నాడు బెంగళూరు పెద్ద డాక్టరు. హేమలతకు ఒళ్ళు మండింది. మా పక్క పాతకాలం ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు సార్, అది మతి పోయి కాదు అని ఫోన్లో గట్టిగానే చెప్పింది. తన అవ్వ రేషన్ కార్డు ఆఫీసులో కూడా తాత పేరు చెప్పకుండా, పక్కనున్న తనను గిల్లి చెప్పించిన సంగతి చెప్పింది. డాక్టరు ఒప్పుకున్నాడు. మీ ఊళ్ళ సంగతి నాకంటే నీకే తెలుసు, మార్కు వెయ్యి అన్నాడు. ఈ ఉద్యోగంలో ఆమె మురిసిపోయిన రోజు అదొక్కటే.

ఎర్రిస్వామికి డెబ్బై రెండేళ్ళు. పొద్దున్నే లేచి సంగటి గెలికి, భార్యకు వేన్నీళ్ళు కాచిపెట్టి, ఆ తర్వాత గొర్రెలను తోలుకుపోతాడు. వేరుశనగ ఈ ఏడూ ఎండిపోయింది. ఉన్నవి ఆ గొర్రెలే. బెంగళూరు పోతే వాటికి నీళ్ళు చూపించే దిక్కు లేదు. పదిహేను వస్తే చాలు తల్లీ, ఇంక తిరగడానికి నాకు ఓపిక లేదు అని హేమలతకు వచ్చినప్పుడల్లా చెప్పుకున్నాడు.

ఒక్క సంగతిలో మాత్రం ముసలాయనకు సంబరం. ఆపరేషన్ అయినప్పటి నుంచి పెద్దక్క తిట్టడం మానేసింది. ఆయన లోపలికొస్తే ఒద్దికగా సర్దుకుని కూర్చుంటుంది. ఆయన ముందర ముద్ద నోట్లో పెట్టదు, బయటికి పోయాకే తింటుంది.

"కొత్తగా కాపురానికొచ్చినప్పుడు ఇట్లే సిగ్గుపడతాండె. ముసలితనంలో మళ్ళీ పట్టుకుండాది" అని ఒకసారి చెప్పి, చెప్పినందుకు తనే సిగ్గుపడ్డాడు.

మిగిలిన ప్రశ్నలు నత్తనడక నడిచాయి. ఊరి పేరు చెప్పింది. నెల చెప్పింది, వారం తప్పింది. గుర్తుపెట్టుకోమన్న మూడు మాటల్లో గొర్రె, తాడు వచ్చాయి, చింతపండు రాలేదు. ఇరవై నుంచి వెనక్కి లెక్కపెట్టమంటే పన్నెండు దగ్గర ఆగిపోయి, ఆయాసపడి, వద్దులేమ్మా అంది. కూలికి వలసపోయిన కొడుకుల పేర్లు మాత్రం గడగడా చెప్పింది.

హేమలత మార్కులు కూడింది. పద్నాలుగు. ఆ పదకొండో ప్రశ్న కలిపితే పదిహేను. నమ్మకం కుదరక ఇంకోసారి కూడింది. పదిహేనే.

ఫోన్లో నొక్కి పంపేసింది. ఒకసారి పోయిందంటే దాన్ని దిద్దడానికి ఎవరికీ వీల్లేదు. ఫైలు మూసినట్టు నిమిషంలో మెసేజి వచ్చింది. ఆ మాట చెప్పగానే ఎర్రిస్వామి రెండు చేతులూ జోడించాడు.

"బతికిస్తివి తల్లీ" అన్నాడు. తువ్వాలతో కళ్ళు తుడుచుకుని, గొర్రెలు అరుస్తున్నాయని దొడ్డి వైపు పోయాడు.

హేమలత కూడా లేచింది. ఇంకా రెండు పల్లెలు మిగిలున్నాయి. పెద్దక్క ఆమె చెయ్యి పట్టుకుని మళ్ళీ కూర్చోబెట్టింది. దొడ్డి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"మా ఇంటాయప్ప వచ్చే పొద్దయింది, దినామూ ఈడికొచ్చి సంగటి చేసిపెట్టే ఈ ముసలాయన ఎవురో ఏమో, పాపం మంచోడే గానీ, నువ్వన్నా చెప్పి పంపించేయ్ తల్లీ."